వంద అంటే వంద ఏమిటి? అడ్రస్‌లు తెగిపోయిన ఒక కంప్లయింట్ ఫామ్ కేస్ స్టడీ

విశాఖపట్నంలో ఏసీలు, ఫ్రిజ్‌లు, వాటర్ ప్యూరిఫయర్లు రిపేరు చేసే మధ్యతరహా సర్వీస్ సంస్థ ఇది. పేరు ఇక్కడ అవసరం లేదు. సముద్రం మీది ఉప్పుగాలికి ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు తొందరగా తుప్పు పట్టే ఊరు కాబట్టి వీళ్లకి పనికి కొదవ లేదు. ఎండలు ముదిరాయంటే ఫోన్లు ఆగవు. ఆ ఒత్తిడి తగ్గుతుందని వెబ్‌సైట్‌లో కంప్లయింట్ ఫామ్ పెట్టుకున్నారు. పేరు, ఫోన్, అడ్రస్, సమస్య ఏమిటి అన్నవి నాలుగే ఫీల్డులు. సబ్మిట్ కొడితే వివరాలు డేటాబేస్‌లో చేరతాయి, అక్కడి నుంచి పాత జాబ్ కార్డ్ సాఫ్ట్‌వేర్‌కి వెళతాయి, టెక్నీషియన్‌కి ఒక ఎస్సెమ్మెస్ వెళుతుంది.

మొదట్లో ఫామ్ ఇంగ్లిష్‌లోనే ఉండేది. తెలుగులో కూడా పెట్టాక వాడకం బాగా పెరిగింది. ఫోన్‌లో మైక్ నొక్కి తెలుగులో చెబితే టైపయిపోతుంది కాబట్టి పెద్దవాళ్లు కూడా ఫామ్ నింపడం మొదలుపెట్టారు. తగువులు కూడా అప్పుడే మొదలయ్యాయి. టెక్నీషియన్లు అడ్రస్ సగమే వస్తోందంటారు. ఫ్రంట్ డెస్క్‌లో ఉన్నావిడ స్క్రీన్ చూపించి "ఇదిగో, మొత్తం ఉంది కదా, చదువుకోకుండా వెళ్లిపోతారు" అంటుంది. కస్టమర్ల గోల ఇంకోటి: "ఏటి బాబూ, అడ్రస్సంతా రాసేను కదా, మళ్లీ ఫోన్ సేసి అడుగుతావేటి?" ఎవరికి వాళ్లు నిజమే చెబుతున్నారు. మమ్మల్ని పిలిచింది ఈ దశలో.

పాత డాక్యుమెంట్ తీసి చూస్తే అడ్రస్ గురించి ఒకే ముక్క ఉంది: గరిష్ఠం 100. దాన్ని ఎవరు కోడ్ చేసినా తూచా తప్పకుండా పాటించారు. ఫామ్‌లో మాక్స్‌లెంగ్త్ (బాక్సులో ఎంత పొడవు పట్టాలో చెప్పే సెట్టింగ్) 100. సర్వర్ మీద నడిచే పీహెచ్‌పీ కోడ్‌లో పొడవు 100 దాటితే ఎర్రర్. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ టేబుల్‌లో అడ్రస్ కాలమ్ రకం వార్‌చార్ 100. జాబ్ కార్డ్ సాఫ్ట్‌వేర్‌కి పంపే టెక్స్ట్ ఫైల్‌లో అడ్రస్‌కి కేటాయించిన చోటు 100. అంతటా అదే అంకె ఉంది కాబట్టి ఇక తేడా ఎక్కడ వస్తుందని ఎవరూ వెతకలేదు.

ఒకే అడ్రస్, మూడు పొడవులు

కస్టమర్ల వివరాలు బయట పెట్టకూడదు కాబట్టి నేనే ఒక అడ్రస్ తయారుచేస్తాను: "ఫ్లాట్ 302, రెండో సందు, రామాలయం ఎదురుగా, మద్దిలపాలెం". చదివేవాడి కంటికి ఇందులో ఖాళీలు, అంకెలు, కామాలతో కలిపి 31 అక్షరాలున్నాయి. యూనికోడ్ (అన్ని లిపులకీ అంకెలు కేటాయించే ప్రమాణం) లెక్కలో 52. డిస్క్ మీద, యూటీఎఫ్-8 అనే దాచే పద్ధతిలో, 132 బైట్లు.

తెలుగు రాసేవాళ్లందరికీ తెలిసిన సంగతే ఇక్కడ ఇరుకున పెడుతోంది. మనం ఒక అక్షరం అనుకునేది కంప్యూటర్‌కి కొన్ని ముక్కల వరస. "శ్రీ"లో శకారం, పొల్లు, రకారం, దీర్ఘం అని నాలుగు ముక్కలున్నాయి. ఒక్కో ముక్కని కోడ్ పాయింట్ అంటారు. తెలుగుకి యూనికోడ్‌లో కేటాయించిన 128 స్థానాల్లో ఏది తీసుకున్నా యూటీఎఫ్-8లో 3 బైట్లు పడుతుంది. అంటే "శ్రీ" ఒక అక్షరం, 4 కోడ్ పాయింట్లు, 12 బైట్లు. ఇంగ్లిష్‌లో ఈ మూడు లెక్కలూ దాదాపు ఎప్పుడూ ఒకటే. ఊరి పేరు ఇంగ్లిష్‌లో 13 అక్షరాలు, 13 బైట్లు. తెలుగులో "విశాఖపట్నం" 5 అక్షరాలు, 10 కోడ్ పాయింట్లు, 30 బైట్లు. ఇంగ్లిష్‌లో టైప్ చేసి టెస్ట్ చేసినవాళ్లకి ఈ తేడా జన్మలో కనబడదు.

ఇక ఆ నాలుగు చోట్ల ఉన్న వందల్లో ఏది దేన్ని లెక్కపెడుతోందో చూద్దాం. బ్రౌజర్‌లోని మాక్స్‌లెంగ్త్, అక్కడే నడిచే జావాస్క్రిప్ట్ భాషలోని లెంగ్త్, రెండూ యూటీఎఫ్-16 అనే ఇంకో పద్ధతి యూనిట్లు లెక్కపెడతాయి. తెలుగు వరకు అది కోడ్ పాయింట్ల లెక్కతో సమానం, ఎమోజీలకి మాత్రం రెండేసి పడతాయి. పీహెచ్‌పీలో ఇక్కడ వాడింది ఎంబీ_స్ట్ర్‌లెన్ అనే ఫంక్షన్, అది కోడ్ పాయింట్లు లెక్కపెడుతుంది. దాని బదులు స్ట్ర్‌లెన్ వాడి ఉంటే బైట్లు లెక్కపెట్టేది. మైఎస్‌క్యూఎల్‌లో వార్‌చార్ 100 అంటే వంద క్యారెక్టర్లు, బైట్లు కాదు. కాబట్టి 52 ఉన్న మన అడ్రస్ ఈ మూడు గేట్లూ హాయిగా దాటింది. ఫ్రంట్ డెస్క్ స్క్రీన్ చదివేది డేటాబేస్ నుంచే కాబట్టి అక్కడ మొత్తం కనిపించింది.

నాలుగో వంద మాత్రం బైట్లు. జాబ్ కార్డ్ సాఫ్ట్‌వేర్ బాగా పాతది. వరుసకి ఒక రికార్డు చొప్పున, ప్రతి ఫీల్డుకీ కొలిచిన వెడల్పు ఉండే టెక్స్ట్ ఫైల్ ఇస్తేనే అది తీసుకుంటుంది. ఆ ఫైల్ తయారుచేసే స్క్రిప్ట్‌లో పీహెచ్‌పీ సబ్‌స్ట్ర్ ఫంక్షన్‌తో మొదటి 100 బైట్లు తీసి మిగతాది వదిలేస్తున్నారు. మన అడ్రస్‌లో "ఎదురుగా" తర్వాత కామా, ఖాళీ వచ్చేసరికి 99 బైట్లు అయిపోతాయి. నూరో బైట్ "మద్దిలపాలెం"లోని మకారంలో మూడోవంతు. ప్రింటయిన జాబ్ కార్డు మీద "ఫ్లాట్ 302, రెండో సందు, రామాలయం ఎదురుగా," అని, దాని పక్కన ఒక ప్రశ్నార్థకం గడి. విశాఖలో రామాలయం లేని పేట ఏదో చెప్పండి, టెక్నీషియన్ అక్కడికే వెళతాడు.

పైగా ఈ ఊరి అడ్రస్‌ల తీరు వేరు. డోర్ నంబర్లే హైఫన్లు, స్లాష్‌లతో చాంతాడంత ఉంటాయి. కొండవాలు కాలనీల్లో డోర్ నంబరు పట్టుకుని ఇల్లు వెతకడం అయ్యే పని కాదు. మెట్లదారి ఎటు, వాటర్ ట్యాంక్ ఎటు, బండి ఎక్కడిదాకా వస్తుంది అన్నదే అసలు అడ్రస్. అందరూ చిన్న వివరంతో మొదలుపెట్టి పేట పేరు చివర్లో రాస్తారు. వెనక నుంచి కోస్తే ముందు పోయేది టెక్నీషియన్‌కి అన్నిటికంటే ముందు కావలసిన ముక్క.

తెలుగు వాళ్లకే ఇలా జరుగుతోందనుకున్నారు మొదట. నేవీ క్వార్టర్స్ నుంచి హిందీలో వచ్చిన అడ్రస్‌లు కూడా అలాగే తెగాయి. దేవనాగరి ముక్కలకీ మూడేసి బైట్లే.

వాక్యం అర్థమే తిరగబడిన చోటు

అడ్రస్ తెగితే కనీసం ప్రశ్నార్థకం గడి పడి ఏదో తేడా ఉందని తెలిసేది. సమస్య వివరణ దగ్గర ఆ గుర్తు కూడా లేదు. నా అనుభవంలో ఎక్కువ నష్టం చేసేది ఇలాంటి శుభ్రమైన కోతే.

వివరణకి ఫామ్‌లో లిమిట్ 250. డేటాబేస్‌లో ఆ కాలమ్ టైనీటెక్స్ట్ అనే రకం. టైనీటెక్స్ట్‌లో 255 పడతాయి కాబట్టి 250కి సరిపోతుందని ఎవరో వేసిన లెక్క చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ వార్‌చార్ పక్కన రాసే అంకె క్యారెక్టర్ల లెక్క అయితే, టైనీటెక్స్ట్ 255 బైట్ల లెక్క. ఒకే డేటాబేస్‌లో పక్కపక్క కాలమ్‌లకి రెండు కొలతలు. ఖాళీలు లేకుండా రాస్తే టైనీటెక్స్ట్‌లో పట్టేది 85 తెలుగు కోడ్ పాయింట్లు మాత్రమే.

ఒక కస్టమర్ రాసినదాన్ని కొద్దిగా మార్చి ఇస్తున్నాను: "ఏసీ ఆన్ చేస్తే చల్లగాలి రావట్లేదు, ఇండోర్ యూనిట్ నుంచి నీళ్లు కారుతున్నాయి. సాయంత్రం ఆరు లోపు ఎవరూ ఉండరు." మొత్తం 105 క్యారెక్టర్లు. ఫామ్ కింద కౌంటర్ ఇంకా 145 మిగిలాయని చూపిస్తుంది. బైట్లలో 281. డేటాబేస్‌లో మిగిలింది ఇది: "...నీళ్లు కారుతున్నాయి. సాయంత్రం ఆరు లోపు ఎ". చివరి ఎకారాన్ని టైపింగ్ పొరపాటు అనుకుంటారు ఎవరైనా. ఆరు లోపు రమ్మన్నారని అర్థమవుతుంది. టెక్నీషియన్ బుద్ధిగా నాలుగింటికి వెళ్లి తాళం చూసి వచ్చాడు.

మైఎస్‌క్యూఎల్ ఇంత నిశ్శబ్దంగా కోయడానికి కారణం స్ట్రిక్ట్ మోడ్ ఆపేసి ఉండటం. 5.7 వెర్షన్ నుంచి అది డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటుంది. చోటు చాలకపోతే డేటా మరీ పొడవుందని ఎర్రర్ ఇచ్చి మొత్తం తిప్పికొడుతుంది. పాత కోడ్ ఏదో ఆ ఎర్రర్లకి ఆగిపోతోందని ఇక్కడ ఎవరో దాన్ని ఆపేశారు. అప్పటి నుంచి పట్టినంత ఉంచుకుని, మిగతాది పారేసి, ఒక వార్నింగ్ మాత్రం ఇస్తోంది. ఆ వార్నింగ్ చదివే కోడ్ ఎక్కడా లేదు. క్యారెక్టర్ మధ్యలో కోయకుండా అంచు చూసి కోస్తుంది కాబట్టి ప్రశ్నార్థకం గడి కూడా పడదు.

స్ట్రిక్ట్ మోడ్ ఆపేసిన సర్వర్ కనిపిస్తే ముందు దాన్ని ఆన్ చేయించడం మా అలవాటు. దానివల్ల రెండు రోజులు ఎర్రర్లు వచ్చినా ఫర్వాలేదు. ఎర్రర్ వచ్చిందంటే డేటా కస్టమర్ చేతిలోనే ఉందని అర్థం, మళ్లీ పంపించుకోవచ్చు.

బ్రౌజర్ కూడా కోస్తుంది

సర్వర్‌ని తిట్టాం కానీ బ్రౌజర్ తక్కువేం కాదు. మాక్స్‌లెంగ్త్ పెట్టిన బాక్సులో టైప్ చేస్తుంటే లిమిట్ దగ్గర ఆగిపోతుంది, మనిషికి తెలుస్తుంది. పేస్ట్ చేస్తే మాత్రం పట్టినంత ఉంచుకుని మిగతాది మాట్లాడకుండా వదిలేస్తుంది. కొడుకు హైదరాబాద్ నుంచి వాట్సాప్‌లో సమస్య అంతా రాసి పంపితే, ఇక్కడ నాన్నగారు దాన్ని కాపీ చేసి పేస్ట్ చేస్తారు. చివరి వాక్యం ఎగిరిపోయిందని ఆయనకి తెలిసే దారి లేదు.

ఫోన్ నంబర్ దగ్గర ఇది ఇంకా దారుణం. పది అంకెలే కదా అని మాక్స్‌లెంగ్త్ 10 పెట్టారు. కాంటాక్ట్స్‌లోంచి కాపీ చేసిన నంబర్ ప్లస్, తొంభై ఒకటి, ఖాళీ, అయిదంకెలు, ఖాళీ, అయిదంకెలు అన్న రూపంలో వస్తుంది. అందులో మొదటి పది స్థానాలు తీసుకుంటే అసలు నంబర్లో సగమే మిగులుతుంది. ఇక్కడ చేయాల్సింది చిన్నదే: ఎలా టైప్ చేసినా తీసుకుని, సర్వర్‌లో ఖాళీలు, హైఫన్లు, ముందున్న ప్లస్ తొంభై ఒకటి, సున్నా తీసేసి, అప్పుడు సరిగ్గా పది అంకెలున్నాయా, మొదటిది 6 నుంచి 9 మధ్య ఉందా అని చూడటం. కొందరు ఇన్‌పుట్ టైప్‌ని నంబర్ అని మారుస్తారు. దానికి మాక్స్‌లెంగ్త్ అసలు వర్తించదు, పైగా అది లెక్కలు చేసుకునే అంకెల కోసం ఉన్న బాక్సు. టెల్ అని పెడితే ఫోన్‌లో అంకెల కీబోర్డు వస్తుంది, అది చాలు.

పొడవు చెక్ జావాస్క్రిప్ట్‌లో ఉంటే సర్వర్‌లో అక్కర్లేదనే వాదన ఇప్పటికీ వినిపిస్తుంటుంది. ఫామ్‌ని దాటుకుని నేరుగా సర్వర్‌కి డేటా పంపడం ఎవరికైనా వచ్చు. ఇంకో సంగతి చాలామంది గమనించరు: స్క్రిప్ట్ ద్వారా బాక్సులో విలువ నింపితే బ్రౌజర్ మాక్స్‌లెంగ్త్‌ని పట్టించుకోదు. మనిషి స్వయంగా మార్చినప్పుడే ఆ చెక్ పనిచేస్తుంది. ఈ ఫామ్‌లో పాత కస్టమర్ అడ్రస్‌ని స్క్రిప్టే నింపుతోంది.

కొత్త లైన్ల గొడవ కూడా ఒకటుంది. టెక్స్ట్ ఏరియాలో ఎంటర్ కొడితే బ్రౌజర్ లెక్కలో అది ఒక్క క్యారెక్టర్. మామూలు పద్ధతిలో ఫామ్ సబ్మిట్ అయ్యేటప్పుడు ప్రతి కొత్త లైనూ రెండు క్యారెక్టర్లుగా మారి వెళుతుంది. పాయింట్లవారీగా ఒక్కో లైనులో ఒక్కో సమస్య రాసే పద్ధతిమంతులు లిమిట్ దగ్గరకి వచ్చారంటే, కౌంటర్ ఇంకా చోటుందంటుంది, సర్వర్ ఎక్కువైందంటుంది. "కంప్యూటర్‌కి లెక్కలు రావేటమ్మా" అని ఒక రిటైర్డ్ మాస్టారు ఫోన్ చేసి అడిగారని ఫ్రంట్ డెస్క్ ఆవిడ చెప్పింది. ఆయన తప్పేం లేదు.

తక్కువ పొడవు గొడవ

పేరుకి కనిష్ఠం 3 అని పెట్టారు. ఇంగ్లిష్‌లో ఉమ అని రాస్తే మూడు అక్షరాలు, ఏ ఇబ్బందీ లేదు. తెలుగులో "ఉమ" అంటే రెండే కోడ్ పాయింట్లు, ఫామ్ ఒప్పుకోదు. "రమ" కూడా అంతే. "శ్రీ" అని ఒక్క అక్షరం రాస్తే నాలుగు కాబట్టి దూరిపోతుంది. ఇలాంటి నియమాన్ని సర్దుబాటు చేయడం కంటే తీసేయడం మేలు. పేరు ఖాళీగా లేకపోతే చాలు. మూడు అక్షరాలు రాయించినంత మాత్రాన అది నిజమైన పేరు అయిపోదు కూడా.

ఖాళీ అంటే ఏమిటో మాత్రం జాగ్రత్తగా చూడాలి. తెలుగు కీబోర్డులు కంటికి కనబడని ఒక నాన్-జాయినర్ కోడ్‌ని పెడుతుంటాయి. "సాఫ్ట్‌వేర్"లో టకారం కింద వకారం వత్తుగా పడకుండా ఆపేది అదే. అది ఒక్కటే ఉన్న బాక్సు కంటికి ఖాళీ, లెక్కకి ఒకటి, చివరల ఖాళీలు తీసే మామూలు ట్రిమ్‌కి పోదు. మాటల మధ్య అది ఉండాల్సిందే, తీసేస్తే తెలుగు చెడిపోతుంది. కాబట్టి ఖాళీ బాక్సో కాదో చూసేటప్పుడు మాత్రమే దాన్ని లెక్కలోంచి తీసేస్తున్నాం, దాచేటప్పుడు ముట్టుకోవట్లేదు.

సమస్య వివరణకి కనిష్ఠం 20 అన్న నియమం కూడా ఉండేది. వివరంగా రాస్తారని పెట్టారట. జనం ఏం చేశారంటే "పనిచేయట్లేదు" అని రాసి, చుక్కలు పెట్టుకుంటూ పోయారు. మనిషికి చెప్పాలని లేనప్పుడు అంకె చెప్పించలేదు. ఆ నియమం తీసేసి, బాక్సుకి పైన నాలుగైదు బటన్లు పెట్టాం: చల్లదనం లేదు, నీళ్లు కారుతున్నాయి, శబ్దం వస్తోంది, అసలు ఆన్ అవట్లేదు. ఆ తర్వాత ఇష్టముంటే రాయొచ్చు. టెక్నీషియన్ ఏ సామాను పట్టుకెళ్లాలో తేల్చుకోవడానికి ఇదే ఎక్కువ పనికొచ్చింది.

ఏ కొలతతో కొలవాలి

మా టీమ్‌లో గట్టి చర్చ జరిగింది దీని మీదే. మనుషులు అనుకునే అక్షరాలనే లెక్కపెట్టాలని ఒక వాదన. వినడానికి బాగుంటుంది. ఆ లెక్కకి బ్రౌజర్‌లో ఇంటల్ సెగ్మెంటర్ ఉంది, పీహెచ్‌పీలో గ్రాఫీమ్_స్ట్ర్‌లెన్ ఉంది. కానీ ఆ రెండూ ఒకే జవాబు చెబుతాయన్న హామీ లేదు. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో సంయుక్తాక్షరాల నియమం మారింది. అంతకుముందు "ట్నం" రెండు ముక్కలు, ఆ తర్వాత ఒకటి. కస్టమర్ ఫోన్‌లో కొత్త బ్రౌజర్, మన సర్వర్‌లో పాత లైబ్రరీ ఉంటే "విశాఖపట్నం" అక్కడ 5, ఇక్కడ 6. లిమిట్ దగ్గర ఇద్దరూ తగువులాడుకుంటారు. అందుకని లెక్కకి కోడ్ పాయింట్లే తీసుకున్నాం. ఎక్కడైనా ఒకే జవాబు వస్తుంది, అదే నాకు ముఖ్యం. జావాస్క్రిప్ట్‌లో లెంగ్త్ వాడకుండా స్ట్రింగ్‌ని కోడ్ పాయింట్లుగా విడదీసి లెక్కపెడితే ఎమోజీల తేడా కూడా పోతుంది.

లెక్కపెట్టే ముందు రెండు వైపులా ఒకే శుభ్రం జరగాలి. కొత్త లైన్లన్నీ ఒకే రూపానికి తేవాలి, రెండు చివరల ఖాళీలు తీసేయాలి, ఎన్‌ఎఫ్‌సీ అనే నార్మలైజేషన్ చేయాలి. ఈ చివరిది తెలుగుకి అనవసరమనుకుంటారు కానీ ఐత్వం ఉంది కదా, దాన్ని ఒకే కోడ్‌గానూ రాయొచ్చు, ఎత్వం ముక్కకి ఇంకో ముక్క తగిలించి రెండుగానూ రాయొచ్చు. కంటికి తేడా లేదు, లెక్కలో ఒకటి తేడా. ఎన్‌ఎఫ్‌సీ రెండింటినీ ఒకటి చేస్తుంది.

సమస్య వివరణకి ఇప్పుడు లిమిట్ 500 కోడ్ పాయింట్లు. ఆ అంకె ఆకాశంలోంచి ఊడిపడలేదు. జాబ్ కార్డు మీద వివరణకి ఉన్న చోటులో చదవగలిగే సైజులో తెలుగు ఎంత పడుతుందో ప్రింట్ తీసి చూసి పెట్టుకున్నాం. కాలమ్‌ని వార్‌చార్ 600 చేశాం. మొత్తం రిక్వెస్ట్ సైజుకి పైన ఎలాగూ గోడలున్నాయి: వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ డిఫాల్ట్‌గా 1 ఎంబీ దగ్గర ఆపుతుంది, పీహెచ్‌పీ పోస్ట్ లిమిట్ డిఫాల్ట్ 8 ఎంబీ. ఇలాంటి చిన్న ఫామ్‌కి అవి కూడా ఎక్కువే, తగ్గించాం.

మాక్స్‌లెంగ్త్‌ని వివరణ బాక్సు నుంచి పూర్తిగా తీసేశాం. లిమిట్ దాటి టైప్ చేయనిస్తాం, పేస్ట్ చేయనిస్తాం. సబ్మిట్ నొక్కినప్పుడు ఆపి, "కొంచెం పొడవైంది, ఒకటి రెండు మాటలు తగ్గించండి" అని చెప్పి, అదనంగా ఉన్న ముక్కని బాక్సులోనే సెలెక్ట్ చేసి చూపిస్తాం. ఏది తీసేయాలో మనిషి నిర్ణయించుకుంటాడు. చాలామంది చివరి ముక్క ఉంచుకుని మొదట్లో ఉన్న నమస్కారాలు, క్షేమసమాచారాలు తీసేస్తారు. యంత్రం కోసినప్పుడు పోయేది సరిగ్గా దీనికి ఉల్టా.

కౌంటర్ సంగతి. మొదటి నుంచీ అంకె కనిపిస్తుంటే జనానికి టెన్షన్. పైగా ఒక్క అక్షరం కొడితే అంకె నాలుగు తగ్గడం వింతగా ఉంటుంది. అందుకే లిమిట్‌కి దగ్గరయ్యేవరకు ఏమీ చూపించం. దగ్గరయ్యాక "ఇంకో వాక్యానికి చోటుంది" అనే మాట వస్తుంది. స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకి ప్రతి అక్షరానికీ అంకె చదివితే నరకం కాబట్టి, ఆ మాట మారినప్పుడు మాత్రమే, టైపింగ్ ఆగాక చదివేలా పెట్టాం.

మార్చలేని సాఫ్ట్‌వేర్‌తో సర్దుకోవడం

జాబ్ కార్డ్ సాఫ్ట్‌వేర్ ఫైల్ ఫార్మాట్ మార్చడానికి దాని తయారీదారులు ఒప్పుకోలేదు. 100 బైట్లు అంటే 100 బైట్లే. కోడ్ పాయింట్ మధ్యలో తెగకుండా పీహెచ్‌పీలో ఎంబీ_స్ట్ర్‌కట్ వాడొచ్చు, కానీ అది కోడ్ పాయింట్ అంచు వరకే చూస్తుంది, "మద్దిల" కాస్తా "మద్" దగ్గర ఆగినా దానికి అభ్యంతరం లేదు. గ్రాఫీమ్_ఎక్స్‌ట్రాక్ట్‌కి గరిష్ఠ బైట్లు చెబితే పూర్తి అక్షరం దగ్గర ఆగుతుంది. రెండూ మంచి ఫంక్షన్లే. మాకు మాత్రం అందంగా కోయడం కాదు, అసలు కోయకుండా ఉండటం కావాలి.

ఫైల్ వివరాలు చూస్తే అడ్రస్ 2 అనే ఇంకో 100 బైట్ల ఫీల్డు ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉంది. అడ్రస్‌ని మాటల మధ్య విరిచి రెండింట్లో సర్దుతున్నాం. పేటని మాత్రం ఫామ్‌లోనే విడదీసి లిస్టుగా ఇచ్చాం: గాజువాక, మధురవాడ, పెందుర్తి, గోపాలపట్నం, కంచరపాలెం, ఇలా. వాయిస్ టైపింగ్‌లో పెద వాల్తేరు ఒకసారి పెద్ద వాల్తేరు అవుతుంది, ఇంకోసారి వాల్తేరు ఒక్కటే మిగులుతుంది. లిస్టు పెట్టడంతో ఆ తలనొప్పి కూడా పోయింది. జాబ్ కార్డు మీద పేట పేరు మొదట వస్తుంది, దానికి వేరే ఫీల్డు ఉంది కాబట్టి కోతకి అందదు.

ఇక ఎన్ని బైట్లు దాటితే అడ్రస్‌ని ఆపాలి? రెండు వందలు అని రాసేస్తే తప్పవుతుంది. మాట మధ్యలో విరవం కాబట్టి మొదటి వరుస చివర కొంత చోటు వృథా అవుతుంది, ఎంత అన్నది ఆ అడ్రస్‌ని బట్టి మారుతుంది. అందుకే ఇక్కడ అంకెతో పోల్చడం మానేశాం. అడ్రస్‌ని రెండు వరుసల్లో సర్దే ఫంక్షన్‌నే చెక్‌గా వాడుతున్నాం. సర్దగలిగితే సరే, మూడో వరుస కావలసి వస్తే ఆపి చెబుతుంది. బ్రౌజర్‌లో బైట్లు లెక్కపెట్టడానికి టెక్స్ట్‌ఎన్‌కోడర్ ఉంది, అదే తర్కాన్ని అక్కడా రాశాం. సర్వర్ మాటే చివరి మాట.

ఎస్సెమ్మెస్‌ది ఇంకో కొలత. ఇంగ్లిష్ మెసేజ్‌లో 160 పడతాయి. ఒక్క తెలుగు అక్షరం కలిసినా మెసేజ్ మొత్తం యూసీఎస్-2 అనే ఎన్‌కోడింగ్‌లోకి మారి 70కి పడిపోతుంది. అంతకంటే పొడవైతే ముక్కలుగా వెళుతుంది, అప్పుడు ముక్కకి 67. ఇంగ్లిష్‌లో అయితే ముక్కకి 153. మన 52 అడ్రస్‌కి పేరు, ఫోన్ నంబరు కలిపితే 70 దాటిపోతుంది, ఒక్కో జాబ్‌కి రెండు మెసేజ్‌ల బిల్లు. టెంప్లేట్ ముందుగా రిజిస్టర్ చేయించుకోవాలనే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ఉంది కాబట్టి ఎప్పటికప్పుడు మార్చుకోవడం కూడా కుదరదు. తెలుగు మెసేజ్ ఉంచాలని నాకు ఉండేది. ఓనర్ గారు టెక్నీషియన్లని పిలిచి అడిగారు. వాళ్లలో సీనియర్ తేల్చేశాడు: "పేట పేరు, నంబరు ఇంగ్లిష్‌లో ఉంటే సాల్సార్. మిగతాది లింక్ నొక్కి సూసుకుంటాం." అలాగే చేశాం. మెసేజ్‌లో జాబ్ నంబరు, పేట, ఫోన్, లింక్. లింక్ తెరిస్తే డేటాబేస్‌లోంచి పూర్తి అడ్రస్, పూర్తి వివరణ తెలుగులోనే.

టెస్టింగ్‌కి ఇప్పుడు ఒక స్థిరమైన మూట ఉంది: "ఉమ", "శ్రీ", పైన చెప్పిన మద్దిలపాలెం అడ్రస్, ఆరు లోపు ఎవరూ ఉండరన్న ఫిర్యాదు, ఎంటర్లతో నిండిన వివరణ, కనబడని నాన్-జాయినర్ ఒక్కటే ఉన్న పేరు, చర్మం రంగు మార్చిన నమస్కారం ఎమోజీ. ఆ ఎమోజీ కంటికి ఒకటి, కోడ్ పాయింట్లు రెండు, జావాస్క్రిప్ట్ లెంగ్త్‌కి నాలుగు, బైట్లు ఎనిమిది. కోడ్‌లో ఏ మార్పు చేసినా ఆ ఖాళీ పేరు ఆగిందా, మిగతావన్నీ ఫామ్ నుంచి జాబ్ కార్డు ఫైల్ దాకా ఒక్క బైట్ పోకుండా చేరాయా అని ఆటోమేటిక్‌గా చూసుకుంటుంది. ఇంగ్లిష్ నమూనాలు కూడా ఉన్నాయి కానీ అవి ఎప్పుడూ ఫెయిలవలేదు.

పాత రికార్డుల సంగతికొస్తే, అడ్రస్‌లు డేటాబేస్‌లో పూర్తిగానే ఉన్నాయి కాబట్టి జాబ్ కార్డ్ సాఫ్ట్‌వేర్‌కి మళ్లీ పంపి సరిచేశాం. టైనీటెక్స్ట్‌లో తెగిన వివరణలు మాత్రం దాచేటప్పుడే పోయాయి, వాటికి దారి లేదు. సరిగ్గా 255 బైట్ల దగ్గరగానీ, ఒకటి రెండు తక్కువలోగానీ ఆగిన వరుసలన్నీ ఏరి, అందులో వార్షిక మెయింటెనెన్స్ ఉన్న కస్టమర్ల జాబితా ఫ్రంట్ డెస్క్‌కి ఇచ్చాం. వాళ్లు మళ్లీ ఫోన్ చేసినప్పుడు ఆవిడే అడిగి నింపుకుంటోంది.